మే నెలలో అనంతగిరి ఘాట్‌కు సైకిళ్ళ మీద: నా అనుభవం

విజయనగరం నుంచి అనంతగిరి దాకా సైకిళ్ళ మీద వెళ్ళివస్తామంటే విన్నవాళ్ళందరూ ముందుగా ఘాట్ రోడ్డు గురించే అడుగుతారు. మలుపులెన్ని, ఎత్తెంత, మధ్యలో దిగి నడవవలసి వస్తుందా అన్నవే వారి సందేహాలు. మే నెలలో ఆ దారిన వెళ్ళివచ్చిన మా బృందాన్ని ఎత్తు అంతగా బాధపెట్టలేదు. మమ్మల్ని నిజంగా పరీక్షించింది కొండ పాదం. అక్కడి బొడ్డవర ఊరు దాటాక ఎక్కుడు మొదలైపోతుంది, గాలి మాత్రం ఇంకా మైదానపు గాలిగానే ఉంటుంది. ఆ కొద్ది కిలోమీటర్లలోనే మాలో ఒకరికి ప్రాణం మీదికి రాబోయి తప్పిపోయింది. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. వేసవిలో వడదెబ్బతో వచ్చేవారిని వార్డులో చూడడం నాకు అలవాటే గానీ, ఒక మనిషి ఆ స్థితికి మెట్టు మెట్టుగా ఎలా చేరుకుంటాడో రోడ్డు మీద పక్కనే ఉండి చూడడం వేరు. అందుకే ఆ రోజు సంగతి వివరంగా రాస్తున్నాను.

బృందంలో తొమ్మిది మందిమి ఉన్నాం. అందరికంటే ముందు ఒక లెక్కల మాస్టారు, అందరికంటే వెనక సైకిళ్ళ షాపు నడిపే అతను ఉండాలన్నది మా కట్టుబాటు. మాస్టారిని దాటి ఎవరూ ముందుకు పోకూడదు, షాపతని వెనక ఎవరూ మిగలకూడదు. ముందే అనుకున్న మజిలీల దగ్గర ఆగి తలలు లెక్కపెట్టుకున్నాకే కదలాలి. పంక్చరు సామాను, చైను విప్పే పనిముట్టు, విడి ట్యూబులు షాపతని దగ్గర, మందుల సంచి నా దగ్గర ఉన్నాయి. మిగిలినవారిలో ఇద్దరి గురించి చెప్పుకోవాలి. ఒకరు నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన పెద్దాయన. మేమందరం బాబాయి అని పిలుస్తాం. అరవై దాటిన వయసులో, గేర్లు లేని పాత సైకిలు మీద, లుంగీ స్థానంలో నిక్కరు వేసుకుని వచ్చిన మనిషి ఆయన. రెండో అతను ఇంజనీరింగ్ చదివే కుర్రవాడు, సన్నని టైర్ల రేసు సైకిలుతో కొత్తగా మాతో కలిశాడు.

రానూ పోనూ సుమారు నూట ముప్పై కిలోమీటర్ల దారి. విజయనగరం నుంచి గంట్యాడ మీదుగా శృంగవరపుకోట, అంటే మా వాడుకలో ఎస్.కోట, దాకా ముప్పై పైచిలుకు కిలోమీటర్లు చిన్న చిన్న మెరకలు తప్ప దాదాపు చదును నేల. అక్కడి నుంచి బొడ్డవర, కాశీపట్నం, తైడ, దముకు మీదుగా అనంతగిరి. ఎస్.కోట మండలం దాటగానే మన విజయనగరం జిల్లా అయిపోయి అల్లూరి సీతారామరాజు జిల్లా మొదలవుతుంది. తెల్లవారుజామున మూడు ముప్పావుకు బయలుదేరి, ఏడు గంటల లోపల కొండ పాదం దాటేసి, ఎండ ముదిరేసరికి పైన చెట్ల నీడలో ఉండి, సాయంత్రం దిగిరావాలన్నది మాస్టారి పథకం. దూరాన్ని గంటలతో భాగించి సమయం చెప్పడం అందరూ చేసేదే. ఏ గంటకు ఏ ఎత్తులో ఉండాలో లెక్క వేయడం మాస్టారి ప్రత్యేకత. నన్నడిగితే వేసవి ప్రయాణానికి అసలైన పథకం అదే.

దాని వెనక ఉన్న కారణం చెప్పాలి. సైకిలు తొక్కేటప్పుడు కండరాలు ఖర్చుచేసే శక్తిలో పెడళ్ళను తిప్పడానికి ఉపయోగపడేది దాదాపు నాలుగో వంతే; మిగిలినదంతా వేడిగా మారి ఒంట్లోనే ఉంటుంది. ఆ వేడిని బయటికి పంపడానికి ఎండాకాలంలో మనకున్న ముఖ్యమైన సాధనం చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. అయితే చెమట ఆవిరి కావాలి. ధారగా కారి నేల మీద పడే చెమట వల్ల శరీరంలోని నీరు, ఉప్పు పోవడమే తప్ప చల్లదనం రాదు. మన తీరప్రాంతపు గాలిలో అసలే తేమ ఎక్కువ కనుక చెమట త్వరగా ఆరదు. చదును నేల మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు మనం పుట్టించుకునే గాలే ఆ లోటును కొంత పూడుస్తుంది. ఎక్కుడు మొదలుకాగానే వేగం ఏడెనిమిది కిలోమీటర్లకు పడిపోతుంది, శ్రమ పెరుగుతుంది, గాలి తగలడం ఆగిపోతుంది. వెనక నుంచి అదే వేగంతో పిల్లగాలి వీచిందంటే మన చుట్టూ గాలి కదలనట్టే లెక్క. పైకి పోయినకొద్దీ, సగటున వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున, గాలి చల్లబడుతుంది కనుక అదే శ్రమ తేలికగా తోస్తుంది. కాబట్టి శ్రమ, వేడి, ఉక్క మూడూ ఒకేచోట కలిసేది కొండ పాదంలోనే.

పథకం గంట్యాడ దగ్గరే తప్పింది. లారీ టైర్లు పేలినప్పుడు వాటిలోని సన్నని ఉక్కు తీగ తునకలు రోడ్డు అంచున రాలి ఉంటాయి. వెంట్రుక మందాన, గోరు పొడవు కూడా ఉండని ఆ తీగ టైరులో దిగితే చేతితో తడిమినా తెలియదు. మొదటి పంక్చరుకు ట్యూబు మార్చి గాలి కొట్టి బయలుదేరిన పది నిమిషాలకే అదే చక్రం మళ్ళీ కూర్చుండిపోయింది. షాపతను ఈసారి టైరును పూర్తిగా విప్పి, సెల్‌ఫోను వెలుగులో లోపలివైపు దూదితో నెమ్మదిగా చుట్టూ తుడుచుకుంటూ వచ్చాడు. ఒకచోట దూది పోగు చిక్కుకుని ఆగింది. గోళ్ళతో రాకపోతే పట్టకారుతో లాగాడు. దూది వాడకం ఆసుపత్రిలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదనుకునేదాన్ని. ఈ ఉపయోగం మాత్రం ఆ రోడ్డు మీదే నేర్చుకున్నాను. ఈ రెండు ఆపుళ్ళతో మాకు ముప్పావుగంట పోయింది.

ఎస్.కోటలో ఇడ్లీ తిన్నాం. చట్నీలో ఉప్పు చాలకపోతే అడిగి వేయించుకోమని అందరికీ చెప్పాను. రక్తపోటు ఉన్నవారికి రోజూ ఉప్పు తగ్గించమని చెప్పే నేనే అలా చెప్పడం బాబాయికి వేడుకగా అనిపించింది. గంటకు లీటరు దాకా చెమట కారే పనిలో ఉప్పు సంగతి వేరు. ఉప్పు లేకుండా లీటర్ల కొద్దీ మంచినీళ్ళు తాగినా ప్రమాదమే; రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, మతిభ్రమ దాకా పోవచ్చు. అందుకని ప్రతి ఒక్కరి రెండు బాటిళ్ళలో ఒకదానిలో మామూలు నీళ్ళు, రెండోదానిలో ఓఆర్ఎస్ కలిపించాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఒక లీటరుకు కలిపే పొడి 20.5 గ్రాములు. అందులో గ్లూకోజు 13.5, ఉప్పు 2.6 గ్రాములు ఉంటాయి, మిగిలినవి పొటాషియం క్లోరైడు, సిట్రేటు. పొడిని సగం నీళ్ళలో కలిపి చిక్కగా తాగినా, చక్కెర దట్టించిన అట్టపెట్టె పానీయాలను ఓఆర్ఎస్ అనుకుని తాగినా ప్రయోజనం లేదు. ఆ తీపి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. ఆ పని ఎంతో ముందే జరగవలసింది.

కుర్రవాడు ఇడ్లీ తినలేదు. ముందురోజు రాత్రి ఏదో పెళ్ళిలో ఆలస్యంగా భోంచేశానని, ఇంకా అరగలేదని అన్నాడు. మే నెల పెళ్ళిళ్ళ కాలం కనుక ఎవరూ పట్టించుకోలేదు. నిద్ర ఎంతసేపు పోయాడో అడిగితే రెండు గంటలని నవ్వాడు. నిద్రలేమి, ఖాళీ కడుపు రెండూ వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయని చెప్పాను. ఓఆర్ఎస్ రుచి పడదంటూ రెండో బాటిలులో కూడా మంచినీళ్ళే నింపుకున్నాడు.

బొడ్డవర దాటేసరికి ఏడున్నర అయింది. రోడ్డు పక్కన గొడుగు కింద అంబలి కుండ పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ మమ్మల్ని చూసి, "ఏటమ్మా, ఈ ఎండలో సైకిళ్ళేసుకుని కొండెక్కుతన్నారేటి? బస్సులాగిపోనాయా?" అని అడిగింది. "బస్సులున్నాయమ్మా, మాకే బుద్ధి నేదు" అన్నాడు బాబాయి. అందరం తలో గ్లాసు చోడి అంబలి, అంటే రాగి అంబలి, తాగాం. పులిసిన చోడిపిండి గంజిలో మజ్జిగ, ఉప్పు, నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఉత్తరాంధ్రలో ఎండకు ఎదురెళ్ళే రైతులు, కూలీలు తరతరాలుగా తాగుతున్న ఈ అంబలిలో నీరు, ఉప్పు, నెమ్మదిగా అరిగే పిండిపదార్థం మూడూ ఉన్నాయి. నా సంచిలోని పొట్లాల కంటే అదే అందరికీ ఇష్టంగా దిగింది. కుర్రవాడు అదీ వద్దన్నాడు.

కాశీపట్నం దాటాక అసలు ఎక్కుడు మొదలైంది. ఈ దారి ఇప్పుడు జాతీయ రహదారి 516-ఇ. వెడల్పు చేసే పనుల్లో చెట్లు పోయి కొండ అంచు ఎర్రగా బయటపడిన చోట నీడన్నది లేదు. ఎండలో తారు పైభాగం గాలి కంటే పదిహేను, ఇరవై డిగ్రీలు ఎక్కువగా వేడెక్కుతుంది కనుక పైనుంచి ఎండ, కిందనుంచి సెగ, పక్కన కొండరాయి నుంచి తిరిగివచ్చే వేడి కలిసి మీదపడ్డాయి. ఆకు కదలలేదు. బాబాయి ఆ మొదటి మలుపులోనే సైకిలు దిగి, ఎవరితో ఏమీ చెప్పకుండా, నెట్టుకుంటూ నడక మొదలుపెట్టాడు. ఆయన నడక వేగానికీ మా తొక్కుడు వేగానికీ పెద్ద తేడా లేదు. మా కంటే ఆయనకే తక్కువ చెమట పట్టింది.

ఇక్కడ గేర్ల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. నా సైకిలులో ముందు, పెడళ్ళ దగ్గరి చిన్న పళ్ళచక్రానికి 28 పళ్ళు, వెనక పెద్ద పళ్ళచక్రానికి 34 పళ్ళు. పెడలు ఒక చుట్టు తిప్పితే సైకిలు రెండు మీటర్ల లోపే కదులుతుంది. నిమిషానికి అరవై చుట్లు తేలికగా తిప్పుతూ గంటకు ఆరు కిలోమీటర్ల వేగంతో పోవచ్చు. కుర్రవాడి రేసు సైకిలులో అన్నిటికంటే తేలికైన గేరులో ముందు 39, వెనక 25 పళ్ళు. అతను ఒక చుట్టు తిప్పితే మూడు మీటర్ల పైన కదులుతుంది. అతనికి రెండే దారులు. మా వేగంతో రావాలంటే నిమిషానికి ముప్పై చుట్ల చొప్పున, ప్రతి చుట్టునూ మెట్టు ఎక్కినట్టు బలంగా తొక్కాలి. కాళ్ళు సుఖంగా తిప్పాలంటే మా కంటే రెట్టింపు వేగంతో పోవాలి, అంటే రెట్టింపు శక్తి పెట్టాలి. వయసులో ఉన్నాడు కనుక రెండో దారి ఎంచుకుని, మాస్టారిని దాటకూడదన్న కట్టుబాటు కూడా మరిచి ముందుకు పోయాడు. మాస్టారు కేకవేశారు గానీ వినిపించలేదో, వినలేదో తెలియదు.

మూడు మలుపుల తరవాత అతను మాకు కనిపించాడు. సైకిలును రెయిలింగుకు ఆనించి, దాని నీడ పడే చోట, అదీ గజం వెడల్పు లేని నీడ, కూర్చున్నాడు. నల్ల టీ షర్టు మీద చంకల నుంచి నడుము దాకా ఉప్పు తెల్లగా గీతలు కట్టి ఉంది. దగ్గరికి వెళ్ళి ముంజేయి పట్టుకుంటే చర్మం తడిగా, మండుతున్న ఎండలో రోమాలు నిక్కబొడుచుకుని గరుకుగా తగిలింది. "చలిగా ఉందక్కా" అన్నాడు. బాటిలు మూత తిప్పడానికి ప్రయత్నిస్తున్నాడు గానీ వేళ్ళు వణికి పట్టు దొరకడం లేదు. తలనొప్పి, వికారం ఉన్నాయని చెప్పాడు. నాడి నిమిషానికి 150 దాటి కొట్టుకుంటోంది.

ఇలాంటప్పుడు తేల్చుకోవలసింది ఒకే సంగతి: ఇది ఎండకు సోలిపోవడమా, వడదెబ్బా. మొదటిదాంట్లో ఒళ్ళు అలసి నీరసించినా మెదడు సరిగానే పనిచేస్తుంది. రెండోదాంట్లో లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి మాట తడబడడం, మనుషుల్ని, చోటును గుర్తుపట్టలేకపోవడం, తిక్కగా ప్రవర్తించడం కనిపిస్తాయి. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని చాలామంది నమ్ముతారు. కదలకుండా ఇంట్లో ఉన్న ముసలివాళ్ళ విషయంలో చర్మం పొడిబారడం తరచు చూస్తాం గానీ, శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు. కాబట్టి చెమట చూసి ధైర్యం తెచ్చుకోవడానికి వీల్లేదు. నా దగ్గరున్న చంక థర్మామీటరు చెమట పట్టిన ఒంటి మీద చూపించే అంకెను కూడా నమ్మలేను. అందుకని ప్రశ్నలు వేశాను. మనం ఎక్కడ ఉన్నాం, ఇందాక దాటిన ఊరు ఏది, ఎస్.కోటలో ఏం తిన్నాం? "మీరు ఇడ్లీ తిన్నారు. నేను తినలేదు. తిననందుకు మీరు తిట్టారు" అన్నాడు. మెదడు సరిగానే ఉందని ఆ జవాబుతో తేలింది.

అతన్ని నలుగురం పట్టుకుని మలుపు అవతల చింతచెట్టు నీడలోకి తీసుకువెళ్ళాం. హెల్మెట్, బూట్లు, మేజోళ్ళు తీసేసి, పడుకోబెట్టి కాళ్ళు సైకిలు చక్రం మీద ఎత్తి పెట్టించాను. టీ షర్టు విప్పించి ఛాతీ మీద, మెడ మీద, చంకల్లో, తొడల మీద నీళ్ళు పోస్తూ ఇద్దరిని అట్టముక్కలతో విసరమన్నాను. తాగే నీళ్ళు అలా పోసేస్తున్నామేమిటని ఒకరు అడిగారు. ఒంటి మీద పోసి విసిరిన నీళ్ళు చెమట చేయలేకపోయిన పనిని చేస్తాయి. ఆ సమయంలో కడుపులోకి వెళ్ళే నీళ్ళ కంటే అవే ముఖ్యం. తరవాత నా ఓఆర్ఎస్ బాటిలు ఇచ్చి, రెండేసి గుక్కల చొప్పున, వికారం పెరగకుండా తాగించాను. జ్వరం మాత్ర వేయమని ఎవరో సలహా ఇచ్చారు. వడ వల్ల పెరిగిన వేడికి పారాసిటమాల్ పనిచేయదు, పైగా కాలేయానికి భారం. మాట ఏమాత్రం తడబడినా వెంటనే 108కు ఫోన్ చేయాలని, స్పృహ తప్పితే నోట్లో చుక్క నీళ్ళు పోయకూడదని అక్కడున్న అందరికీ చెప్పి పెట్టాను. ఆ మాట చెప్పేటప్పటికి షాపతను ఫోన్‌లో సిగ్నలు ఉందో లేదో చూసుకుని, ఉన్న చోట రోడ్డు పక్కన ఒక రాయి పెట్టి వచ్చాడు. ముందుచూపు అంటే అది.

ఇరవై నిమిషాలకు నాడి 110కి దిగింది, వణుకు తగ్గింది. అప్పుడు అతన్ని ఎటు పంపాలన్న వాదన వచ్చింది. "ఆసుపత్రి కిందనే ఉంది కదా సిస్టర్, పైకి పంపడమేమిటి?" అన్నారు మాస్టారు. ఆయన మాటలో న్యాయం ఉంది. మతి తప్పిన మనిషైతే నేనే ఎస్.కోటకు దింపించేదాన్ని. తెలివిగా మాట్లాడుతూ, తాగింది ఇముడుతూ ఉన్న మనిషికి ఇప్పుడు కావలసింది చల్లటి గాలి, విశ్రాంతి. తొమ్మిదిన్నరకు కింద మైదానం కొలిమిలా ఉంటుంది; అరగంట పైకి పోతే అయిదారు డిగ్రీలు తగ్గుతుంది. అనంతగిరిలోనూ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఉంది. ఇదంతా చెప్పాక మాస్టారు ఒప్పుకున్నారు. కుర్రవాడు మాత్రం తానే తొక్కుకుంటూ వస్తానని పట్టుపట్టాడు. ఒకసారి అంతదాకా వెళ్ళిన ఒళ్ళు ఆ రోజంతా వేడిని అదుపు చేసుకోలేదు. పైకి ఎక్కడమూ వద్దు, వణికే చేతులతో బ్రేకులు పట్టి దిగడమూ వద్దని ఖండితంగా చెప్పాను. అదృష్టం కొద్దీ ఎస్.కోటలో పనసకాయలు దింపేసి ఖాళీగా తిరిగివెళ్తున్న వ్యాను దొరికింది. డ్రైవరు డబ్బు వద్దన్నాడు. కుర్రవాణ్ణి ముందు సీట్లో, సైకిలును వెనక పనస జిగురు అంటిన గోనెల మీద పెట్టాం. తోడు వెళ్ళడానికి బాబాయి ముందుకొచ్చాడు. తన మోకాళ్ళ కోసమే వెళ్తున్నానన్నాడు గానీ, కుర్రవాడి ముఖం చిన్నబోకుండా ఉండడానికే అలా అన్నాడని మాకు తెలుసు.

మిగిలిన ఏడుగురం తిరిగి ఎక్కడం మొదలుపెట్టాం. తైడ దాటాక దారి మారిపోయింది. కొండ మలుపుల్లో చెట్లు రోడ్డు మీదికి వంగి నీడ పరిచాయి, మలుపు తిరిగినప్పుడల్లా లోయ మీదుగా గాలి తగలసాగింది. ఎక్కుడు ఏమాత్రం తగ్గలేదు, కొన్నిచోట్ల కింది కంటే నిటారుగానే ఉంది. అయినా అందరి ముఖాల్లో రక్తం తిరిగి వచ్చింది. అవతలి కొండ మీద కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం కనిపించింది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికి 1960లలో కొండలు తొలిచి వేసిన ఆ మార్గం శిమిలిగుడ స్టేషను దగ్గర సుమారు వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరుతుంది. యాభైకి పైగా సొరంగాలున్నాయి దానికి. గూడ్సు బండి ఒక సొరంగంలో దూరి మరొకదాన్లోంచి బయటపడేదాకా మేము ఒకే మలుపులో ఉన్నాం. దముకు వ్యూ పాయింట్ దగ్గర ఆగి తలలు లెక్కపెట్టుకుని, కోతులకు అందకుండా అరటిపళ్ళు తిన్నాం.

అనంతగిరి చేరేసరికి పదకొండున్నర దాటింది. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల కింద, వాటికి అల్లుకున్న మిరియాల తీగల మధ్య గాలి చల్లగా ఉంది. కుర్రవాడు ఒక హోటలు అరుగు మీద కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. మూత్రం వచ్చిందా, ఏ రంగులో ఉందని అందరి ముందూ అడిగితే సిగ్గుపడ్డాడు. నర్సుతో ప్రయాణం చేసేవాళ్ళు ఇలాంటివి భరించక తప్పదు. ముదురు పసుపు నుంచి లేత రంగుకు వచ్చిందని తెలిశాక నాకు మనసు కుదుటపడింది. ఎరుపు గానీ, కాఫీ డికాక్షన్ రంగు గానీ ఉండి ఉంటే కండరాలు కరిగి మూత్రపిండాల మీద పడుతున్నాయని అర్థం. అప్పుడు ఆ హోటలు అరుగు మీదినుంచి నేరుగా ఆసుపత్రికే పంపేదాన్ని.

భోజనం చేసి చెట్ల కింద నిద్రపోయాం. సాయంత్రం నాలుగు దాకా ఆగుదామనుకున్నాం గానీ రెండు దాటగానే గాలికొండ వైపు నుంచి మబ్బు నల్లగా లేచింది. వేసవి మధ్యాహ్నాలు తూర్పు కనుమల్లో ఇలా ఉన్నపళంగా ఉరుములతో వాన పడడం మామూలే. కుర్రవాణ్ణి, అతని సైకిలును ఎస్.కోట వెళ్ళే జీపు ఎక్కించి, మేము వాన పడి వెలిసేదాకా ఆగాం. ఇక్కడ తొందరపడితే ఎక్కినదంతా వృథా. తడిసిన రిమ్ము మీద బ్రేకు ప్యాడ్లు మొదట నీళ్ళను తుడుస్తాయి, ఆ తరవాతే పట్టుకుంటాయి. చక్రం రెండు మూడు చుట్లు తిరిగేదాకా బ్రేకు పడినట్టే ఉండదు.

దిగేటప్పుడు షాపతను అందరికీ ఒకే సూచన ఇచ్చాడు. బ్రేకులను దారి పొడవునా నొక్కి ఉంచవద్దు. మలుపుకు ముందే గట్టిగా వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి. అదేపనిగా నొక్కి దిగితే రిమ్ము కాలి లోపల ట్యూబు పేలే ప్రమాదం ఉంది. మలుపు మలుపుకూ ఆగి రిమ్మును వేలితో తాకి చూశాం. తైడ దగ్గర ఒకరి వెనక రిమ్ము వేలు పెట్టలేనంతగా కాలింది. పది నిమిషాలు ఆగాం. డిస్కు బ్రేకులున్న సైకిలు చక్రం మీద చెట్టు మీది చుక్క రాలినప్పుడల్లా చుయ్యిమన్నది. దిగడంలో వేళ్ళు మొద్దుబారడం, మెడ పట్టేయడం తప్ప మరే ఇబ్బందీ కలగలేదు.

కాశీపట్నం దగ్గర వాన జాడే లేదు. పొద్దున మమ్మల్ని వేయించిన రోడ్డు మీద వేడి మళ్ళీ గోడలా ఎదురైంది, కాని ఈసారి దిగుతున్నాం కనుక గాలి ముఖానికి కొడుతూనే ఉంది. అదే చోటు, అంతకంటే ఎక్కువ ఎండ, అయినా ఎవరికీ ఏమీ కాలేదు. ఎస్.కోటలో ఇద్దరు కాళ్ళు పట్టేశాయని బస్సు ఎక్కారు. వారి సైకిళ్ళను తెలిసిన కొట్టులో పెట్టి వెళ్ళారు. మిగిలినవాళ్ళం సముద్రం వైపు నుంచి వీచే గాలికి ఎదురుగా, ఒకరి వెనక ఒకరం వంతులవారీగా ముందుండి గాలి కాస్తూ, గంట్యాడ మీదుగా చీకటి పడేవేళకు విజయనగరం చేరాం. బయలుదేరేముందు చూసుకున్న బరువుతో పోలిస్తే నేను కిలోన్నర తగ్గాను. అదంతా నీరే కనుక రాత్రి భోజనంలో మజ్జిగచారు, ఉప్పు వేసిన నిమ్మరసం తీసుకున్నాను.

కుర్రవాడికి రెండు రోజులు తలనొప్పి ఉండి తగ్గింది. వారం పాటు ఎండలో తొక్కవద్దని, తరవాత కూడా రెండు వారాలు రోజుకు కాస్త కాస్తగా ఎండకు ఒంటిని అలవాటు చేసుకోమని చెప్పాను. రక్తంలో నీటి శాతం పెరిగి, చెమట త్వరగా పట్టి, దాంట్లో ఉప్పు తగ్గడానికి శరీరానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అతను వినయంగా విని, వెంటనే షాపతనికి ఫోన్ చేసి వెనక 34 పళ్ళ చక్రం వేయడానికి ఎంతవుతుందని అడిగాడట. చక్రం ఒక్కటే మారిస్తే చాలదని, చైనును ఒక పళ్ళచక్రం నుంచి మరొకదానికి జరిపే డిరైల్యూర్ ఇప్పుడున్నదైతే అంత పెద్ద పళ్ళచక్రానికి అందదని, పొడవు చేయి ఉన్నది వేసి చైను కూడా మార్చాలని షాపతను చెప్పాడు. సామాను విశాఖ నుంచి రావాలి. అడ్వాన్సు కట్టేశాడని నిన్న బాబాయి చెప్పాడు.